పాత త్రిభుజ సిద్ధాంతాలకు కొత్త నిరూపణలు ఇంకా దొరుకుతాయా? విద్యార్థి తెచ్చినదాన్ని ఎలా పరీక్షించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు విజయవాడలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి పైథాగరస్ సిద్ధాంతానికి సొంతంగా ఒక నిరూపణ రాసుకొచ్చింది. లంబకోణం ఉన్న శీర్షం నుంచి కర్ణం మీదికి లంబం గీసి, చిన్న త్రిభుజాల వైశాల్యాలు కూడి, నాలుగు వరుసల్లో ముగించింది. తోటి ఉపాధ్యాయులలో ఒకరు అది ఎక్కడో చూసి రాసిందే అన్నారు. ఇంకొకరు వేల ఏళ్ల నాటి సిద్ధాంతానికి ఇప్పుడు కొత్తగా ఏముంటుంది అన్నారు. అది సరైనదేనా, కొత్తదేనా, అసలు త్రిభుజాల మీద కొత్త నిరూపణలు ఇంకా మిగిలి ఉన్నాయా అని మీరు అడుగుతున్నారు.

నిరూపణ సరైనదే. కొత్తది కాదు. కొత్త నిరూపణలు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, అవి కనిపెడుతున్నవారిలో బడి పిల్లలూ ఉన్నారు. అయితే ‘కొత్తదా’ అని అడగడానికి ముందు ‘ఇది దేని మీద నిలబడింది’ అని అడగాలి. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

నేను గుంటూరులో చాలాకాలంగా హైస్కూలు, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. బ్రాడీపేటలోని మా ఇంటికి ఆదివారాలు జ్యామితి మీద ఇష్టమున్న పిల్లలు వస్తుంటారు. కింద చెప్పేవన్నీ ఆ నల్లబల్ల మీద వాళ్లతో కలిసి చేసినవే. శీర్షాలను క, ఖ, గ అని, వాటి ఎదుటి భుజాలను వరుసగా ఏ, బీ, సీ అని రాస్తున్నాను. లంబకోణ త్రిభుజమైతే లంబకోణం గ దగ్గర ఉంటుంది, కర్ణం సీ అవుతుంది.

ముందు మీ విద్యార్థిని రాసినది చూద్దాం. గ నుంచి కర్ణం మీదికి గీసిన లంబం ప దగ్గర తగిలిందనుకోండి. పెద్ద త్రిభుజం కఖగ రెండు ముక్కలైంది: కగప, గఖప. ఈ మూడు త్రిభుజాల్లోనూ ఒక్కొక్క లంబకోణం ఉంది. కగప త్రిభుజానికి పెద్ద త్రిభుజంతో క దగ్గరి కోణం ఉమ్మడి, గఖప త్రిభుజానికి ఖ దగ్గరి కోణం ఉమ్మడి. కాబట్టి మూడూ సరూప త్రిభుజాలు. వాటి కర్ణాలు బీ, ఏ, సీ. సరూప త్రిభుజాల వైశాల్యాలు అనురూప భుజాల వర్గాల నిష్పత్తిలో ఉంటాయి కనుక, ఆ వైశాల్యాలు ఒకే స్థిరసంఖ్యను బీ², ఏ², సీ² లతో గుణించగా వచ్చినవి. రెండు ముక్కలు కలిస్తే పెద్ద త్రిభుజం. అంటే ఏ² + బీ² = సీ².

ఇంతే. ఇంతకన్నా సూటిగా ఈ సిద్ధాంతాన్ని నిరూపించవచ్చని నేను అనుకోను. సరూప త్రిభుజాలతో మామూలుగా చెప్పే నిరూపణలోనూ ఇదే లంబం గీస్తాం. అక్కడ భుజాల నిష్పత్తులు రాసి గుణించి కూడతాం, ఈ అమ్మాయి నేరుగా వైశాల్యాలు కూడింది. ఐన్‌స్టీన్ తన జీవితం గురించి రాసుకున్నదాంట్లో చిన్నతనంలో సరూప త్రిభుజాల సాయంతో ఈ సిద్ధాంతాన్ని తానే నిరూపించుకున్నానని చెప్పుకున్నాడు. ఈ దారి ముందే తెలిసినది. అలాగని ఆ అమ్మాయి చూసి రాసిందని అనడం అన్యాయం. చూసి రాసిందో లేదో తేల్చడం చాలా తేలిక: ‘వైశాల్యాలు వర్గాల నిష్పత్తిలోనే ఎందుకుంటాయి?’ అని అడగండి. సొంతంగా ఆలోచించిన పిల్లలకు దీని మీద చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. భూమి రెట్టింపైతే ఎత్తూ రెట్టింపవుతుంది కాబట్టి వైశాల్యం నాలుగింతలవుతుంది అని చెప్పగలిగితే చాలు. ఈ మెట్టుకు ½ × భూమి × ఎత్తు, సరూపత తప్ప మరేమీ అక్కర్లేదు. పైథాగరస్ సిద్ధాంతం దొంగచాటుగా ఎక్కడా లోపలికి రాలేదు. అందుకే నిరూపణ సరైనదే అని ముందే చెప్పాను.

‘దొంగచాటుగా’ అన్నది ఎందుకో చెప్పాలి. నా దగ్గరికి వచ్చే ‘కొత్త’ నిరూపణల్లో లెక్క తప్పినవి తక్కువ. ఏది నిరూపించాలో దాన్నే మారువేషంలో వాడుకున్నవే ఎక్కువ. పైథాగరస్ విషయంలో నాలుగు చోట్ల వెతకండి. సైన్ వర్గం, కొసైన్ వర్గం కలిస్తే ఒకటి అనేది పైథాగరసే. రెండు బిందువుల మధ్య దూరానికి వాడే సూత్రం పైథాగరసే. కొసైన్ సూత్రం మామూలుగా పైథాగరస్ నుంచే వస్తుంది. మూడు భుజాల నుంచి వైశాల్యం చెప్పే హెరాన్ సూత్రానికి పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇచ్చే నిరూపణా దాని మీదే నిలబడింది. వీటిలో ఏది కనబడినా అక్కడే ఆగి, ‘దీన్ని నీకు ఎవరిచ్చారు?’ అని అడగాలి.

దీనికి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. ఒక ఇంటర్ విద్యార్థి బల్ల మీద వేసి చూపించాడు. లంబకోణ త్రిభుజంలో అంతర వృత్తం గీయండి. దాని వ్యాసార్థం ఆర్. వృత్తం మూడు భుజాలనూ ఒక్కొక్క బిందువు దగ్గర తాకుతుంది. గ దగ్గర లంబకోణం ఉంది కాబట్టి అక్కడ ఆర్ భుజంగా ఒక చిన్న చతురస్రం ఏర్పడుతుంది. ఒక బాహ్యబిందువు నుంచి వృత్తానికి గీసిన రెండు స్పర్శరేఖలూ సమానం. అందువల్ల కర్ణం సీ = (ఏ − ఆర్) + (బీ − ఆర్). అంటే ఆర్ = (ఏ + బీ − సీ)/2. ఇక త్రిభుజ వైశాల్యాన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. ఒకటి ఏబీ/2. రెండోది అంతర కేంద్రం నుంచి మూడు ముక్కలు చేస్తే వచ్చేది: ఆర్ × చుట్టుకొలతలో సగం, అంటే (ఏ + బీ − సీ)(ఏ + బీ + సీ)/4. రెండూ సమానం కనుక (ఏ + బీ)² − సీ² = 2ఏబీ. విడదీస్తే ఏ² + బీ² = సీ².

చదివిన ఎవరికైనా ఆనందం కలిగించే నిరూపణ ఇది. భుజాల మీద చతురస్రాలు లేవు, సరూపత లేదు. ఇదీ తెలిసిన నిరూపణే, ఆ కుర్రాడు మాత్రం సొంతంగా చేరుకున్నాడు. ఇప్పుడు పరీక్షించండి. ఒక బిందువు నుంచి గీసిన స్పర్శరేఖలు సమానమని వాడాం కదా, అది ఎక్కడిది? దాన్ని రెండు రకాలుగా నిరూపించవచ్చు. స్పర్శరేఖ పొడవు వర్గం = కేంద్రానికి ఉన్న దూరం వర్గం − వ్యాసార్థం వర్గం అని చెబితే పైథాగరస్‌ను వాడేసినట్టే, మొత్తం నిరూపణ గాలిలో కలిసిపోతుంది. అలా కాక, అంతర కేంద్రం కోణ సమద్విఖండన రేఖల మీద ఉంటుంది, అక్కడి నుంచి భుజాల మీదికి లంబాలు గీస్తే ఏర్పడే జంట త్రిభుజాలు కో.కో.భు. (కోణం-కోణం-భుజం) నియమంతో సర్వసమానం, కాబట్టి ఆ ముక్కలు సమానం అని చెబితే నిరూపణ గట్టిగా నిలుస్తుంది. పైకి అక్షరం తేడా లేని ఒకే నిరూపణ, కింద ఏ పునాది వేశామన్నదాన్ని బట్టి సరైనదో కాదో అవుతుంది. ఆ రోజు పిల్లలు గంటసేపు దీని మీదే వాదించుకున్నారు. ఒక సిద్ధాంతం మరొకదాని మీద ఎలా నిలుస్తుందో బోధించడానికి ఇంతకు మించిన పాఠం నాకు దొరకలేదు.

మీ సహోద్యోగి రెండో మాట, వేల ఏళ్ల సిద్ధాంతంలో కొత్తగా ఏముంటుందన్నది. బౌధాయన శుల్బసూత్రంలో దీర్ఘచతురస్ర కర్ణం గురించి ఈ విషయం చెప్పి ఉంది, యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మొదటి భాగంలో 47వ ప్రతిపాదనగా ఉంది, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడి ముక్కల అమరిక ఉంది. 1876లో జేమ్స్ గార్ఫీల్డ్ అనే అమెరికా రాజకీయ నాయకుడు, తర్వాత ఆ దేశాధ్యక్షుడైనవాడు, సమలంబ చతుర్భుజంతో ఒక చక్కటి నిరూపణ ప్రచురించాడు. ఎలీషా లూమిస్ అనే గణిత ఉపాధ్యాయుడు మూడు వందల అరవైకి పైగా నిరూపణలు పోగుచేశాడు. ఇంత జరిగాక మిగిలేదేముంది అనిపించడం సహజమే.

కానీ ఆ లూమిస్సే త్రికోణమితితో ఈ సిద్ధాంతానికి నిరూపణ సాధ్యం కాదని రాశాడు. త్రికోణమితి సూత్రాలన్నీ పైథాగరస్ మీదే ఆధారపడ్డాయన్నది ఆయన వాదన. అది నిజం కాదు. 2009లో జేసన్ జింబా కోణాల వ్యవకలన సూత్రాలతో, సైన్, కొసైన్ వర్గాల మొత్తాన్ని ముందుగా వాడకుండానే నిరూపించి చూపాడు. 2023 మార్చిలో అట్లాంటాలో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో నే’కియా జాక్సన్, కాల్సియా జాన్సన్ అనే ఇద్దరు న్యూ ఆర్లీన్స్ హైస్కూలు అమ్మాయిలు మరో త్రికోణమితి నిరూపణ వినిపించారు. సరూప త్రిభుజాలు అంతం లేకుండా చిన్నవవుతూ పోయే ఒక పటాన్ని గీసి, గుణశ్రేఢి మొత్తంతోనూ, భుజాలు తమ ఎదుటి కోణాల సైన్‌ల నిష్పత్తిలో ఉంటాయని చెప్పే సైన్ సూత్రంతోనూ ముగించారు. 2024లో అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీ పత్రికలో వారి వ్యాసం మరికొన్ని నిరూపణలతో సహా అచ్చయింది. ఇక్కడ కీలకం సైన్ సూత్రమే. గ నుంచి ఎదుటి భుజం మీదికి ఎత్తు గీసి దాన్ని రెండు వైపుల నుంచి రాస్తే సైన్ సూత్రం వచ్చేస్తుంది, పైథాగరస్ అవసరం లేదు. అంటే ఆ అమ్మాయిలు కూడా దేని మీద నిలబడవచ్చో, దేని మీద నిలబడకూడదో తేల్చుకున్న తర్వాతే ముందుకు వెళ్లారు. మీ విద్యార్థినికి ఈ సంగతి తప్పక చెప్పండి.

దొంగచాటు వాడకానికి ఇంకో మంచి ఉదాహరణ త్రిభుజ కోణాల మొత్తం. పెన్సిల్‌ను ఒక భుజం మీద పెట్టి, ఒక్కొక్క శీర్షం దగ్గర లోపలి కోణమంత తిప్పుతూ, భుజాల వెంట జరుపుతూ వస్తే చివరికి పెన్సిల్ మొన అటుది ఇటు తిరుగుతుంది. కాబట్టి మొత్తం 180° అని ఆరో తరగతిలో చూపిస్తాం. చూపించడానికి చాలా బాగుంటుంది. నిరూపణగా మాత్రం నిలవదు. అదే పని బంతి మీద చేయండి: ఒక ధ్రువం, భూమధ్యరేఖ మీద పావు చుట్టు దూరంలో రెండు బిందువులు. మూడు కోణాలూ 90°. పెన్సిల్ మొన అక్కడా తలకిందులే అవుతుంది, కానీ తిప్పిన కోణాల మొత్తం 270°. భుజం వెంట జరిపేటప్పుడు దిశ మారదని మనం అనుకున్న మాటలో యూక్లిడ్ సమాంతర రేఖల స్వీకృతం (నిరూపణ లేకుండా ఒప్పుకున్న మాట) దాగి ఉంది. శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీసే పాత నిరూపణ ఆ అప్పును దాచకుండా బయటపెడుతుంది. అందుకే నాకు అదే మేలనిపిస్తుంది.

ఇక ‘సులువు’ గురించి. వరుసలు తక్కువైతే సులువని పిల్లలు అనుకుంటారు. నా లెక్కలో సిద్ధాంతం ఇలా కాక మరోలా ఉండే వీల్లేదని కళ్లకు కట్టేదే సులువైన నిరూపణ. అలాంటివి రెండు మూడు త్వరగా చెబుతాను.

సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాల ఎదుటి కోణాలు సమానం. పుస్తకంలో కోణ సమద్విఖండన రేఖ గీసి నిరూపిస్తాం. 4వ శతాబ్దానికి చెందిన పాపస్ పేరుతో ఉన్న నిరూపణలో అసలు ఏ రేఖా గీయనక్కర్లేదు. కఖ = కగ అయిన త్రిభుజాన్ని దానితోనే, కానీ తిరగేసి, పోల్చండి: కఖ = కగ, కగ = కఖ, క కోణం రెండింటికీ అదే. భు.కో.భు. (భుజం-కోణం-భుజం) నియమంతో ఖ, గ కోణాలు సమానం. పిల్లలకు ఒకే త్రిభుజాన్ని రెండుగా చూడటం మొదట మింగుడుపడదు. అట్టముక్క కత్తిరించి తిరగేసి చూపిస్తే వెంటనే తెలుస్తుంది.

త్రిభుజం ఉన్నతులు మూడూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయన్నది ఇంకొకటి. నిరూపక జ్యామితిలో వాలులు రాసి పేజీ నింపేస్తాం. అలా కాకుండా ఒక్కొక్క శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖ గీయండి. నాలుగింతల వైశాల్యం ఉన్న పెద్ద త్రిభుజం వస్తుంది, క, ఖ, గ దాని భుజాల మధ్యబిందువులవుతాయి. మన త్రిభుజం ఉన్నతులు ఆ పెద్ద త్రిభుజం భుజాలకు లంబ సమద్విఖండన రేఖలు. అవి పరివృత్త కేంద్రంలో కలుస్తాయని ముందే తెలుసు. పని అయిపోయింది.

పరివృత్త వ్యాసార్థం అంతర వృత్త వ్యాసార్థానికి రెండింతలకు తగ్గదన్న ఆయిలర్ అసమానత కూడా ఇలాంటిదే. భుజాల మధ్యబిందువుల గుండా పోయే వృత్తం వ్యాసార్థం పరివృత్త వ్యాసార్థంలో సగం, ఎందుకంటే మధ్యబిందువుల త్రిభుజం అసలుదానిలో సగం కొలతలది. ఆ వృత్తం మూడు భుజాలనూ తగులుతోంది. మూడు భుజాలనూ తగిలే వృత్తాల్లో అంతర వృత్తమే అతి చిన్నది. అంతే.

హెరాన్ సూత్రం సంగతి కొంచెం వేరు. తెనాలి వైపు పొలం హద్దులు వంకరగా ఉంటే గొలుసుతో కొలిచి, త్రిభుజాలుగా విడదీసి, మూడు భుజాల నుంచి వైశాల్యం కట్టేవారు. 13, 14, 15 గొలుసుల భుజాలుంటే చుట్టుకొలతలో సగం 21, వైశాల్యం 21 × 8 × 7 × 6 కు వర్గమూలం, అంటే 84 చదరపు గొలుసులు, అదే 8 ఎకరాల 40 సెంట్లు. సర్వేలో పనికొచ్చే 66 అడుగుల గొలుసుకు పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ సూత్రానికి ఇంటర్ పిల్లలకు నేను సంకీర్ణ సంఖ్యలతో నిరూపణ చెబుతాను. అంతర కేంద్రం చుట్టూ ఆరు చిన్న లంబకోణ త్రిభుజాలు, రెండేసి చొప్పున మూడు జతలు ఏర్పడతాయి. స్పర్శబిందువుల నుంచి శీర్షాలకు ఉన్న దూరాలు ఎక్స్, వై, జెడ్ అనుకోండి. కేంద్రం దగ్గర జతకొక కోణం చొప్పున కూడితే 180° వస్తుంది. కాబట్టి ఆర్ వాస్తవ భాగంగా, ఎక్స్, వై, జెడ్ కల్పిత భాగాలుగా ఉన్న మూడు సంకీర్ణ సంఖ్యల లబ్ధం వాస్తవ సంఖ్య. దాని కల్పిత భాగాన్ని సున్నా చేస్తే ఆర్² × (ఎక్స్ + వై + జెడ్) = ఎక్స్ × వై × జెడ్. ఎక్స్ + వై + జెడ్ చుట్టుకొలతలో సగమే కదా, వైశాల్యం దాన్ని ఆర్‌తో గుణిస్తే వచ్చేది. మిగతాది పిల్లలే పూర్తి చేస్తారు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువసేపు చెప్పే సిద్ధాంతం. రెండు కోణ సమద్విఖండన రేఖల పొడవులు సమానమైతే ఆ త్రిభుజం సమద్విబాహువు. వినడానికి తొమ్మిదో తరగతి అభ్యాసంలా ఉంటుంది. 1840లో లెహ్ముస్ అనే గణితజ్ఞుడు దీనికి శుద్ధ జ్యామితీయ నిరూపణ కావాలని మరో గణితజ్ఞుడు స్టుర్మ్‌కు ఉత్తరం రాశాడు, స్టుర్మ్ ఇతరులను అడిగాడు, స్టైనర్ నిరూపించాడు. అప్పటి నుంచి దీన్ని స్టైనర్, లెహ్ముస్ ఇద్దరి పేర్లతో పిలుస్తున్నారు. కొత్త నిరూపణలు ఇప్పటికీ పత్రికల్లో కనబడుతూనే ఉంటాయి.

పిల్లలు ఇక్కడ పడే తప్పు దాదాపు ఒకటే. ఖమ, గన అనే రెండు సమద్విఖండన రేఖలు గీస్తారు. కఖమ, కగన త్రిభుజాలు తీసుకుంటారు. క కోణం ఉమ్మడి, ఖమ = గన. ఇంకో కోణం కావాలి. పటం వైపు చూస్తారు. అందులో మ, న దగ్గరి కోణాలు సమానంగానే కనిపిస్తాయి, రాసేస్తారు. ఎందుకు కనిపించాయి? వాళ్లు పటాన్ని మొదటే సమద్విబాహు త్రిభుజంగా గీశారు కాబట్టి! నిరూపించాల్సినది పెన్సిల్ ముందే నిరూపించేసింది. అందుకే నా దగ్గర ఒక నియమం ఉంది: నిరూపణ రాసేటప్పుడు కోణాలు 45°, 60°, 75° లాగా భుజాలన్నీ తేడాగా ఉండేలా విషమబాహు త్రిభుజం గీయాలి. ప్రతి త్రిభుజమూ సమద్విబాహువే అని ‘నిరూపించే’ ప్రసిద్ధ తప్పుడు వాదనలోనూ ఇదే జరుగుతుంది. క కోణ సమద్విఖండన రేఖ, ఖగ భుజానికి లంబ సమద్విఖండన రేఖ త్రిభుజం లోపల కలిసినట్టు గీస్తారు. నిజానికి అవి బయట, పరివృత్తం మీద కలుస్తాయి. స్కేలు, వృత్తలేఖిని పెట్టి జాగ్రత్తగా గీస్తే వాదన అక్కడికక్కడే కూలిపోతుంది.

స్టైనర్, లెహ్ముస్ సిద్ధాంతానికి నాకు తెలిసిన అతి సులువైన దారి ఇది. క కోణ సమద్విఖండన రేఖ త్రిభుజాన్ని రెండు ముక్కలు చేస్తుంది. మొత్తం వైశాల్యం రెండు ముక్కల వైశాల్యాల మొత్తం అని సైన్‌లతో రాసి సూక్ష్మీకరిస్తే, ఆ రేఖ పొడవు = 2 × కొసైన్ (క/2) ÷ (1/బీ + 1/సీ). అలాగే ఖ నుంచి గీసినది = 2 × కొసైన్ (ఖ/2) ÷ (1/ఏ + 1/సీ). ఇప్పుడు ఏ > బీ అనుకోండి. పెద్ద భుజం ఎదుట పెద్ద కోణం ఉంటుంది కాబట్టి క > ఖ, అందువల్ల మొదటిదాంట్లో లవం చిన్నది. 1/బీ > 1/ఏ కాబట్టి మొదటిదాంట్లో హారం పెద్దది. లవం చిన్నది, హారం పెద్దది, ఇక పొడవు తగ్గక తప్పదు. పెద్ద కోణానికి గీసిన సమద్విఖండన రేఖ ఎప్పుడూ చిన్నదే. పొడవులు సమానమైతే భుజాలు సమానం కాక గత్యంతరం లేదు.

ఇందులో ఒక మినహాయింపు చెప్పాలి. లెహ్ముస్ అడిగింది శుద్ధ జ్యామితి, ఇక్కడ త్రికోణమితి ఉంది. పైగా ఇది పరోక్ష నిరూపణ: భుజాలు అసమానమైతే రేఖలూ అసమానం అని చూపి వెనక్కి వచ్చాం. దీనికి పూర్తి ప్రత్యక్ష నిరూపణ ఉందా అన్న వాదన గణితజ్ఞుల మధ్య చాలాకాలంగా నడుస్తోంది. ఇంటర్ పిల్లలకు మాత్రం ఈ దారినే చెప్పండి, ఎందుకంటే అసలు విషయం, అంటే ఏ కోణానికి ఏ రేఖ పెద్దదో, ఇందులోనే బయటపడుతుంది.

మన దేశం నుంచి ఇలాంటి పని జరగలేదని ఎవరైనా అంటే మోర్లే సిద్ధాంతం గుర్తుచేయండి. త్రిభుజం కోణాలను ఒక్కొక్కదాన్ని మూడు సమభాగాలు చేస్తే, పక్కపక్క రేఖలు కలిసే మూడు బిందువులు సమబాహు త్రిభుజాన్ని ఇస్తాయని 1899లో ఫ్రాంక్ మోర్లే కనుగొన్నాడు. దీనికి వచ్చిన చక్కటి ప్రాథమిక నిరూపణల్లో ఒకటి 1909లో ఎం.టి. నారాయణ అయ్యంగార్ ఇచ్చినది. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికకు ఆయన సంపాదకుడిగా ఉన్నారు, రామానుజన్ తొలి వ్యాసం 1911లో ఆ పత్రికలోనే వచ్చింది. ఆ సొసైటీ పుట్టింది 1907లో, మన అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ చొరవతో. పగలు కచేరీ పని చేసుకుంటూ త్రిభుజాల మీద ఆలోచించినవాళ్లు మన నేల మీద ఉన్నారు. మోర్లే సిద్ధాంతానికి ఆ తర్వాత జాన్ కాన్వే సమబాహు త్రిభుజంతో మొదలుపెట్టి చుట్టూ ముక్కలు పేర్చుకుంటూ వెనక్కి వెళ్లే నిరూపణ ఇచ్చాడు, 1998లో అలెన్ కొన్ బీజగణితంతో ఇంకొకటి ఇచ్చాడు. సిద్ధాంతం వయసు వందేళ్లు దాటుతున్నా నిరూపణలు ఆగలేదు.

చివరగా మీరు చేయవలసిన పని. కొత్తదో కాదో తెలుసుకోవడానికి ముందు నిరూపణలో పటాన్ని పక్కనపెట్టి ఆలోచనను ఒక్క వాక్యంలో రాయించండి, ‘లంబం గీసి వైశాల్యాలు కూడాను’ అన్నట్టు. పోల్చవలసింది ఆ వాక్యాన్నే, అక్షరాలు, పటాలు మారితే నిరూపణ మారినట్టు కాదు. తర్వాత ‘కట్ ద నాట్’ అనే వెబ్‌సైటులో చూడండి, పైథాగరస్‌కు నూటికి పైగా నిరూపణలు పటాలతో సహా ఉన్నాయి. విజయవాడలోనే ఉన్నారు కాబట్టి లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల దుకాణాల్లో దొరికే పాత జ్యామితి పుస్తకాలూ తిరగేయండి. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లోంచి తీసేసిన నిరూపణలు చాలా వాటిలో ఉంటాయి. ఎక్కడా కనబడకపోతే అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం వెలువరించే ‘అట్ రైట్ యాంగిల్స్’ పత్రికకు రాయండి, బడి స్థాయి గణితానికి మన దేశంలో అది మంచి వేదిక. జియోజీబ్రా అనే జ్యామితి సాఫ్ట్‌వేర్‌లో పటం గీసి శీర్షాలు లాగి చూడటం ఉపయోగమే, కానీ అది తప్పును పట్టిస్తుందే తప్ప నిరూపణ కాదని పిల్లలకు స్పష్టంగా చెప్పాలి.

ఆ అమ్మాయికి కొత్తది కాదన్న మాట ఎలా చెప్పాలని మీరు సందేహపడుతున్నట్టున్నారు. ఉన్నదున్నట్టు చెప్పండి: నిరూపణ సరైనది, దారి ముందే తెలిసినది, దాన్ని నువ్వు నీ కాళ్ల మీద నడిచి చేరావు. తరగతి ముందు ఆమె చేతే బల్ల మీద రాయించండి. భుజాల మీద చతురస్రాలకు బదులు అర్ధవృత్తాలు గీస్తే ఏమవుతుందో అడగండి, ఆమె రాసిన నాలుగు వరుసలే దానికీ జవాబిస్తాయి.

అది చెప్పగలిగితే పైన చెప్పిన అంతర వృత్తం నిరూపణ ఇచ్చి, గ దగ్గర కోణం 90° బదులు 60° అయితే ఏం వస్తుందో కనుక్కోమనండి. ఈసారి చిన్న చతురస్రం ఉండదు, గ నుంచి స్పర్శబిందువుకు దూరం ఆర్‌కు √3 రెట్లు అవుతుంది, వైశాల్యం √3 × ఏబీ/4 అవుతుంది. రెండు వైపులా √3 కొట్టేశాక సీ² = ఏ² + బీ² − ఏబీ రావాలి. రాకపోతే ఆమె ఏ మెట్టు దగ్గర ఆగిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.